జనసమ్మర్దంలో అమానతు: దామరచర్ల నుండి ముజ్దలిఫా వరకు

నల్లగొండ జిల్లా చివరి అంచున, కృష్ణా తీరాన ఉన్నది మా దామరచర్ల. వాడపల్లి వద్ద మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. వంతెన దాటితే పల్నాడు. సికింద్రాబాద్ - గుంటూరు రైలు మార్గంలో విష్ణుపురం స్టేషన్ మాకు దగ్గర; ఎక్స్‌ప్రెస్ బండ్ల కోసం మిర్యాలగూడ వెళతాము. పండుగ రోజుల్లో జనరల్ బోగీలో కాలు మోపే చోటు దొరకదు. ఆ రద్దీలో మన అమ్మలు, నానమ్మలు డబ్బును కొంగున ముడివేసి రొండిన దోపుకొని నిశ్చింతగా ప్రయాణించేవారు. జేబుదొంగలున్నారని వారికి ఎవరూ ప్రత్యేకంగా చెప్పనవసరం లేకపోయింది.

ఈ ప్రాంతం నుండి ఏటా కొందరు హజ్‌కు, మరికొందరు ఉమ్రాకు బయలుదేరుతారు. కొందరు వరి పంట మీద మిగిల్చిన సొమ్ముతో, కొందరు చిన్న కొట్టు మీద ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో, మరికొందరు గల్ఫ్ నుండి కొడుకు పంపిన సొమ్ముతో వెళతారు. ప్రయాణానికి ముందు మా వద్దకు వచ్చి ఇహ్రామ్, తవాఫ్, సయీ నియమాలు అడిగి తెలుసుకుంటారు. డబ్బు ఎక్కడ పెట్టుకోవాలని మాత్రం అడిగేవారు అరుదు. విమానం దిగేది పుణ్యభూమిలో కదా, అక్కడ దొంగలెందుకుంటారని వారి నమ్మకం.

ఆ నమ్మకం మంచి మనసు నుండి వచ్చినదే. కాని హదీసు గ్రంథాలు మనకు వేరే సంగతి చెబుతున్నాయి. సూర్యగ్రహణ నమాజు సందర్భంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) తమకు నరకంలో చూపబడిన ఒక వ్యక్తిని గురించి వివరించారు. వాడి చేతిలో కొన వంగిన కర్ర ఉండేది. హాజీల సామాన్లను ఆ కర్ర కొక్కేనికి తగిలించి లాగేవాడు. ఎవరైనా గమనిస్తే, పొరపాటున కర్రకు చిక్కుకున్నదని చెప్పి తప్పించుకునేవాడు. గమనించకపోతే పట్టుకుపోయేవాడు. సహీహ్ ముస్లిమ్‌లో ఉన్న ఈ ఉల్లేఖనం చదివినప్పుడల్లా మాకు నేటి జేబుదొంగే కళ్ల ముందు మెదులుతాడు. కర్ర పోయి బ్లేడు వచ్చింది. పొరపాటు అనే సాకు మాత్రం మారలేదు.

నేటి యాత్రికులు ఎక్కే రైళ్లు రెండు రకాలు. మక్కా నుండి జిద్దా మీదుగా మదీనాకు 450 కిలోమీటర్ల దూరం సాగే హరమైన్ రైలు 2018లో ప్రారంభమయింది. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే ఈ బండిలో ఎవరి సీటు వారిదే. అందులో తోపులాట ఉండదు గాని, స్టేషన్లో సామాన్లు దించుకునే హడావుడిలోను, బండిలో నిద్రపట్టినప్పుడును చేతి సంచీ మీద ధ్యాస తప్పుతుంది. రెండవది 2010 హజ్ నుండి నడుస్తున్న మషాయిర్ రైలు. ఇది ఏడాదిలో హజ్ రోజుల్లో మాత్రమే నడుస్తుంది. అరఫాత్, ముజ్దలిఫా, మినాలలో మూడేసి చొప్పున 9 స్టేషన్లు; దూరం సుమారు 18 కిలోమీటర్లు. గంటకు 72 వేల మందిని చేరవేసే సామర్థ్యంతో దీనిని నిర్మించారు. ఆ రద్దీ ఎంతటిదో ఊహించుకోవచ్చు.

జేబుదొంగలు తరచు ఒంటరిగా రారు. ఒకడు తలుపు వద్ద అడ్డంగా నిలిచి దారి ఆపుతాడు. వెనుకనున్నవాడు తోస్తాడు. ఆ తోపులో మూడవవాడి చేయి పని కానిస్తుంది, సొమ్ము వెంటనే నాలుగవ చేతికి మారుతుంది. తలుపులు మూసుకునే ముందు వారు దిగిపోతారు. పిల్లలను చూడడానికి లండన్‌కో పారిస్‌కో వెళ్లే మన కుటుంబాలవారికీ ఈ బెడద ఉన్నది. పారిస్ మెట్రోలో జేబుదొంగల విషయమై జాగ్రత్తపడమని పలు భాషలలో ప్రకటనలు వినిపిస్తూనే ఉంటాయి.

ఇంత జాగ్రత్త అల్లాహ్‌పై భరోసాకు విరుద్ధం కాదా అని కొందరు అడుగుతారు. ఒంటెను కట్టాలా, వదిలేసి భరోసా ఉంచాలా అని అడిగిన వ్యక్తికి, కట్టిన తరువాతే భరోసా ఉంచమని ప్రవక్త (స) బోధించారు. యమన్ వాసులు కొందరు, తాము అల్లాహ్‌పై భారం వేసినవారమంటూ దారి బత్తెం లేకుండా హజ్‌కు వచ్చి, మక్కాలో జనం ముందు చేయి చాచేవారు. ప్రయాణ సామగ్రి వెంట తీసుకోవాలనీ, సామగ్రులన్నిటిలోకీ దైవభీతి మేలైనదనీ తెలిపే బఖరా సూరా 197వ ఆయతు ఆ సందర్భంలోనే అవతరించిందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వివరించారు. గమనించవలసినదేమంటే, హజ్‌లో జగడం కూడదన్న ఆజ్ఞ కూడా ఇదే ఆయతులో ఉన్నది. సొమ్ము కాపాడుకోవడం, నోరు కాపాడుకోవడం పక్కపక్కనే చెప్పబడ్డాయి.

మేము హజ్ చేసిన ఏడు ఈ రెండవ మాటకు అర్థం కళ్లారా చూశాము. అరఫాత్ నుండి ముజ్దలిఫాకు రైలు ఎక్కిన కాసేపటికి, మా బృందంలోని ఒక వృద్ధ హాజీ బెల్టు జిప్పు తెరిచి ఉండడం, అందులోని రియాళ్లు లేకపోవడం గమనించారు. మాతో ఉన్న ఒక యువకుడు ఆవేశంతో పక్కనున్న పరదేశి యాత్రికుని చేయి పట్టుకున్నాడు. ఆ వ్యక్తికి మన భాష తెలియదు, కాని నింద అర్థమయింది. మారు పలుకక తన సంచీ తెరిచి చూపాడు. నాలుగు ఖర్జూరాలు, ఒక తస్బీహ్, మడిచిన దుఆల కాగితం ఉన్నాయి. తరువాతి స్టేషన్లో దిగి జనంలో కలిసిపోయాడు. పోయిన డబ్బును బృందమంతా తలా కొంత వేసి వృద్ధునికి సమకూర్చారు. ఆయన ఆ యువకునితో, “బేటా, నా సొమ్ము మీరంతా కలిసి ఇచ్చారు. ఆయనకు మనమేమి ఇవ్వగలం?” అన్నారు. మినాలో ఉన్న రోజులన్నీ ఆ యువకుడు క్షమాపణ కోరడానికి ఆ ముఖం కోసం వెతికాడు. లక్షల మందిలో అది మళ్లీ కనబడలేదు.

కనుక జాగ్రత్త మన సంచీ మీద ఉండాలి, అనుమానం పక్కవాని ముఖం మీద కాదు. దానికి మార్గాలు సులువైనవే. సొమ్మంతా ఒకేచోట ఉంచరాదు. ఆ పూట ఖర్చు మాత్రమే చేతికందే చోట ఉంచి, మిగతాది లోపల దాచాలి. ఇహ్రామ్‌లో నడుముకు డబ్బు సంచీ కట్టుకోవచ్చా అని పురుషులకు సందేహం. అరబ్బులు హిమ్యాన్ అనీ, మన ఇళ్లలో హమియానీ అనీ పిలిచే ఈ సంచీని అత్యధిక ఫుఖహాలు అనుమతించారు. దానిని పై వస్త్రం కింద, పొట్టవైపు ఉండేలా కట్టుకోవాలి. స్త్రీలు తాము ధరించే దుస్తుల లోపలివైపు జేబు కుట్టించుకుంటే కొంగుముడి పని అదే చేస్తుంది. ప్లాట్‌ఫాం మీద నోట్లు లెక్కపెట్టరాదు. బోగీ తలుపు వద్ద నిలబడకుండా లోనికి జరగాలి. భుజం సంచీని ముందుకు తిప్పుకోవాలి. ఎవరైనా తోస్తే ముందు చేయి డబ్బు మీదికి, తరువాత చూపు వెనక్కి వెళ్లాలి. వృద్ధులను బృందం మధ్యలో నడిపించాలి.

పాస్‌పోర్టు, వీసా నకళ్లు ఒక జత ఇంట్లో, మరొక జత తోటివారి వద్ద ఉంచాలి. ఏదైనా పోతే మొదట బ్యాంకు కార్డు నిలిపివేయించి, పోలీసులకు తెలపాలి. మక్కా ప్రాంతంలో అత్యవసర నంబరు 911. పాస్‌పోర్టు పోతే జిద్దాలోని భారత కాన్సులేట్‌ను సంప్రదించాలి. ఇతరుల వస్తువు మన కంటబడితే సొంతం చేసుకునే ఆలోచనతో ముట్టరాదు. హాజీలు పోగొట్టుకున్న వస్తువుల విషయంలో ప్రవక్త (స) ప్రత్యేకంగా వారించారు.

మనం తీసుకువెళ్లే సొమ్ము మన ఇంటివారి కష్టం, మన వద్ద అల్లాహ్ ఉంచిన అమానతు. పక్కన నిలిచిన అపరిచితుని గౌరవం కూడా అటువంటి అమానతే. ప్రయాణానికి బయలుదేరే ప్రతి సోదరుడు, ప్రతి సోదరి ఈ రెండింటినీ భద్రంగా ఇంటికి తీసుకువచ్చేలా అల్లాహ్ అనుగ్రహించుగాక! ఆమీన్.