25 చీట్లు, ఒక తెర

విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్టులోని ఎండుమిరప ఘాటును దాటి, తోపుడుబండ్లకు దారి యిచ్చుచు, వన్ టౌనులోని ఒక పాత మేడ మెట్లెక్కి నేను చేరిన గది పేరునకు మనోవిజ్ఞాన ప్రయోగశాలయే కాని అందు యంత్రమన్నది లేదు. ఒక బల్ల, చెక్కతెర, అట్టచీట్ల కట్ట, రూళ్ల పుస్తకము, అంతే. విశ్రాంత ఉపన్యాసకులొకరు ఆదివారములందు 20 మంది విద్యార్థులకు పరిశోధనాపద్ధతులు నేర్పుచున్నారని విని వెళ్లితిని.

చీట్లు 25. వృత్తము, చతురస్రము, కూడికగుర్తు, నక్షత్రము, అలలు, ఒక్కొక్కటి అయిదేసి. డ్యూక్ విశ్వవిద్యాలయమున జె.బి. రైన్ 1930ల దశకమున అతీంద్రియజ్ఞానమును పరీక్షించుటకు వాడినవి యిట్టివే. ఆయనతో పనిచేసిన కోనేరు రామకృష్ణారావుగారే 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయమున మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన శాఖను నెలకొల్పిరి. కనబడని చీటిమీది గుర్తును గ్రుడ్డిగా చెప్పినను 25లో సగటున 5 సరిపోవును గనుక, ఆ అయిదే కొలబద్ద.

మాస్టారు ఒక చీటిని వెనుకవైపు నాకు చూపుచు కిటికీ వెలుతురునకు పట్టిరి. అట్టలోనుండి నక్షత్రపు కొనలు లీలగా కానవచ్చినవి. "చూశారా? తెర లేకపోతే చదివేది మనసు కాదండీ, కళ్లు" అనిరి. రైన్ తొలి ప్రయోగములపై విమర్శకుల ఆక్షేపణలలో ఇదియు నొకటి.

ఒక బాలికకు 9 సరిపోయెను. గది యంతయు చప్పట్లు. మాస్టారు మాత్రము, "ఉత్త అదృష్టం వల్లే 20 మందిలో ఇంచుమించు ఒకరికి తొమ్మిదో, అంతకన్న ఎక్కువో రావచ్చు. మళ్లీ కూర్చో అమ్మా" అనిరి. ఆ మాట విని నా శకునముల లెక్కయే నాకు తోచెను: పిల్లి ఎదురైన దినములలో పని చెడినవే నాకు జ్ఞాపకమున్నవి. చెడని దినములను నేనెన్నడును వ్రాసికొనలేదు. తప్పిన లెక్కను గూడ దాచకుండ వ్రాయుటకు యంత్రము లక్కరలేదు, ధైర్యము మాత్రము కావలెను. మనుష్యుని మనస్సును శాస్త్రముగ చదువగోరువారు ముందుగా అలవరచుకొనదగిన గుణ మిదియే యని నా దృఢవిశ్వాసము. అతీంద్రియశక్తిని శాస్త్రజ్ఞులలో అధికసంఖ్యాకులు నేటికిని అంగీకరింపకపోవుటకు ముఖ్యకారణమును, అన్యులు మరల చేసిచూచినపుడు ఫలితము నిలువకపోవుటయే.

బాలిక తెర వెనుక మరల కూర్చుండెను. చీట్లు కలిపి తీయువాడు తెర కావలనుండి నోరు మెదపలేదు. ఆమె మాటలను వేరొకడు వ్రాసికొనెను. 25 ముగియువరకు ఏది సరియో ఎవరును చెప్పలేదు. ఈమారు 4 మాత్రమే సరిపోయెను. రూళ్ల పుస్తకమున 9 క్రింద ఆ 4ను ఆమెయే తన చేతితో వ్రాసినది.