గాజుపెట్టెలో కొండగట్టు

పదవీ విరమణానంతరం నాకు అబ్బిన వ్యాపకం చేపల పెంపకం. అవీ మన చెరువు చేపలు కావు, తూర్పు ఆఫ్రికాలోని మలావీ సరస్సుకు చెందిన సిక్లిడ్లు. "తెలుగు పంతులుకు ఆఫ్రికా చేపలతో పనేమి?" అని మిత్రులు అడుగుతుంటారు. వారికి నోటిమాటగా చెప్పలేకపోయినది ఇక్కడ వ్రాస్తున్నాను.

మలావీ సరస్సు పొడవు సుమారు 580 కిలోమీటర్లు, లోతు 700 మీటర్ల పైచిలుకు. ప్రపంచంలో మరే సరస్సులోనూ లేనన్ని చేపజాతులు అందులో ఉన్నాయి. వాటిలో అత్యధికం సిక్లిడ్లే. ఒడ్డు వెంబడి బండల సందుల్లో బతికే వాటిని అక్కడివారు ‘ఎంబునా’ అంటారు. పసుపు, నీలం, నారింజ వన్నెల్లో మెరిసే ఈ జీవులు చూపులకు ఎంత సుకుమారమో, స్వభావానికి అంత కలహప్రియమైనవి. ప్రతి మగచేపా ఒక రాతిసందును తన రాజ్యంగా చేసుకొని, మరొకదానిని దరిచేరనివ్వదు. మాత్స్యన్యాయమన్న మాటను తరగతిలో ఎన్నోమార్లు వివరించాను గాని, దానిని కళ్ళారా చూచినది ఈ గాజుపెట్టెలోనే.

ఈ కలహానికి విరుగుడు రాళ్ళ అమరికలో ఉన్నది. మా కొండగట్టు (2016 దాకా కరీంనగర్ జిల్లా, అటు తరువాత జగిత్యాల) అంజన్న గుట్ట ఎక్కినవారికి ఆ అమరికను వర్ణించనక్కరలేదు. బండమీద బండ, నడుమ గుహలవంటి సందులు, ఆ సందులను పంచుకొన్న కోతుల గుంపులు! బావి తవ్వినప్పుడు బయటపడిన రాళ్ళతో ఆ పోలికనే నాలుగడుగుల తొట్టిలో పేర్చాను. అవి గ్రానైటు రాళ్ళు కనుక నీటి గుణాన్ని మార్చవు. ముందుగా అడుగు అద్దంపై పలుచని థర్మకోల్ పరచి, రాళ్ళను దానిపై నిలిపి, ఆ పిమ్మటనే ఇసుక పోయాలి. ఇసుకమీద రాళ్ళు నిలిపితే చేపలు నోటితో ఇసుకను తోడిపోసి గుట్టను కూల్చివేస్తాయి. చేపలకంటె సందులు ఎక్కువ ఉండాలి. తొట్టి ఈ చివరనున్న చేపకు ఆ చివర కనబడరాదు. ఎదుట లేని శత్రువుపై చేపకు పగ నిలువదు. మరొక విచిత్రం: ఐదారు చేపలే ఉంటే బలమైనది బలహీనమైనదానిని వెంటాడి చంపుతుంది. పదిహేను ఉంటే ఆ కోపం అందరికీ పంపకమై ఎవరికీ ప్రాణాంతకం కాదు. అయితే గుంపు పెద్దదైనకొద్దీ నీరు త్వరగా చెడుతుంది. అందుకని వారానికొకమారు నాలుగోవంతు నీరు మార్చక తప్పదు.

ఇక నీటి సంగతి. బిందెలకు తెల్లని చారలు కట్టించే మా బోరునీటిలో పప్పు ఉడకదని ఇంట్లో ఏనాటినుంచో ఫిర్యాదు. ఆ కఠినజలమే ఈ చేపలకు పుట్టింటి నీరువలె సరిపడింది!

గుడ్లు పెట్టిన తల్లిచేప వాటిని నోట దాచుకొని, ఇంచుమించు మూడు వారాలు ఉపవాసముంటుంది. పిల్లలు ఈదగలిగిన పిమ్మటనే నోరు తెరచి విడిచిపెడుతుంది. ఇంత తపస్సు చేసి కన్న పిల్లలను తక్కిన చేపలు ఫలహారం చేస్తాయి. అది చూడలేక మా ఇంటావిడ ఒకనాడు, "వీటిని ఏకాదశినాడు చెరువులో వదలిరండి, పుణ్యముంటుంది. సత్యవ్రత మహారాజు కథ మీరు చెప్పిందే కదా!" అన్నది.

నిజమే. పెద్దచేపల వాత పడకుండా కాపాడుమని దోసిట చేరిన చేపపిల్లను ఆ రాజు కమండలంలో ఉంచి, అది పెరిగినకొద్దీ పెద్దపాత్రకు, సరస్సుకు, కడకు సముద్రానికి చేర్చాడు. భాగవతం చెప్పిన ధర్మం చిన్న పాత్రనుండి పెద్ద నీటికి విడుచుటయే. కాని ఆ చేప ఆ నీటిదే. ఇవి మన నీటివి కావు.

సిక్లిడ్ కుటుంబానికే చెందిన ఆఫ్రికా తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు. అదీ పిల్లలను నోట దాచి సాకేదే. నేడది గోదావరిలోనూ ఉన్నది. విక్టోరియా సరస్సులో కథ మరింత దారుణం. 1950లలో బయటినుండి తెచ్చి వదలిన నైలు పెర్చ్ చేప 1980ల నాటికి విపరీతంగా పెరిగి, అక్కడి సిక్లిడ్లలో వందలాది జాతులు కనుమరుగగుటకు ప్రధాన కారణమైంది. చెరువులో చేపలుపట్టే నా పూర్వవిద్యార్థి ఒకడు ఈ సంగతి విని, "సార్, మా కొర్రమీను గూడ పిల్లలకు కావలి గాస్తది. దాని నోటికాడి కూడు ఈ కొత్తయి గుంజుకుంటే ఎట్ల?" అన్నాడు. కొర్రమీను మన తెలంగాణ రాష్ట్ర చేప.

ఇంటావిడతో ఇంతే చెప్పాను: "చెరువులో ఇవి బతకకపోతే ఇవి చస్తాయి. బతికితే మన చేపలు చస్తాయి. రెంటిలో ఏది పుణ్యం?"

ఆమె బదులు పలుకలేదు. మరునాడు తులసికోట దగ్గరి గులకరాళ్ళను కడిగి తెచ్చి, పెద్దచేప దూరలేనంత సన్నని సందులు ఉండేటట్లు తొట్టి మూలలో కుప్పగా పోయించింది. ఇప్పుడు ఈతకు నాలుగైదు పిల్లలు మిగులుతున్నాయి. తక్కినవి ఏమవుతున్నవో ఇద్దరికీ తెలుసు. రాత్రి దీపం ఆర్పేముందు ఆమె ఆ మూలకు వంగి లెక్క చూచుకొంటుంది. ఆ లెక్క తగ్గిననాడు నేను పురాణప్రసక్తి తేను.

చేపలు పెంచే మిత్రులెవరైనా ఉంటే, పిల్లల విషయమై మీరేం చేస్తున్నారో తెలుపగలరు.