భీమిలి మాట వినేదెవరు?

ఎడమవైపు కొండలు... కుడివైపు సముద్రం... మధ్యలో నల్లగా మెరిసే తారురోడ్డు. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే బీచ్‌రోడ్డు గురించి ఎంత చెప్పినా తక్కువే! రుషికొండ దాటి, ఎర్రమట్టి దిబ్బలు దాటి, పాతిక కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం ఎప్పుడు అయిపోయిందో తెలియదు. మేడిపల్లి, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి సముద్రం చూద్దామని విశాఖ వచ్చేవాళ్లు ఆర్కే బీచ్‌లో కాళ్లు తడుపుకుని, జలాంతర్గామి మ్యూజియం చూసి, కైలాసగిరి ఎక్కి తిరుగు రైలెక్కేస్తారు. మరో గంట ఓపిక పడితే చాలు, భీమిలి చేరిపోవచ్చు.

అసలు పేరు భీమునిపట్నం. భీముడు బకాసురుణ్ని చంపాక ఇక్కడి కొండ మీద నరసింహస్వామిని ప్రతిష్ఠించాడని స్థలపురాణం. అదే కొండ మీద బౌద్ధుల ఆనవాళ్లున్నాయి. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఇప్పటికీ చూడొచ్చు. పావురాళ్లకొండ అంటారు దాన్ని. కిందికి దిగితే కథ డచ్చివాళ్ల వైపు మళ్లుతుంది. 17వ శతాబ్దంలో వ్యాపారానికి వచ్చి ఇక్కడ స్థావరం పెట్టుకున్నారు. ఊరు 1825లో ఇంగ్లిషువాళ్ల చేతికి వచ్చింది. డచ్చివాళ్లు వెళ్లిపోయారుగానీ వాళ్లలో కొందరు ఇక్కడే ఉండిపోయారు, సమాధుల్లో! స్తంభాల్లా, చిన్న గోపురాల్లా లేచిన ఆ పాత సమాధుల మీది రాతలు ఉప్పుగాలికి అరిగిపోతున్నాయి. గడియార స్తంభం, లైట్‌హౌస్, పాత చర్చి... అన్నీ నడిచి చూసేయగలిగినంత దగ్గర్లోనే. నాని సినిమా ‘భీమిలి కబడ్డీ జట్టు’(2010) వచ్చాక ఈ ఊరి పేరు తెలంగాణ పల్లెల్లోనూ వినిపించింది.

ఇంత చిన్న ఊరికి ఓ పెద్ద గొప్ప ఉంది. భీమిలి 1861లోనే మునిసిపాలిటీ అయింది. దేశంలోనే రెండో పాత పురపాలక సంఘం మాది అని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. అప్పట్లో ఇది ఓడలు ఆగే రేవు. వీధులు ఊడ్పించాలన్నా, దీపాలు పెట్టించాలన్నా, పన్ను ఎంత వేయాలన్నా నిర్ణయం ఊళ్లోనే జరిగేది. తర్వాత విశాఖ రేవు పెరిగింది, భీమిలి రేవు సద్దుమణిగింది. పక్కనే చిట్టివలసలో వేలమందికి అన్నం పెట్టిన జూట్‌మిల్లు 2009లో మూతపడింది. అయినా మునిసిపాలిటీ మాత్రం మిగిలింది... 2013 వరకు.

ఆ ఏడాది ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం భీమిలిని, అటు అనకాపల్లిని మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిపేసింది. నగరంలో కలిస్తే నిధులొస్తాయి, మంచి రోడ్లొస్తాయి అన్నది ఆశ. తప్పుపట్టాల్సిన ఆశ కాదు కూడా. కానీ విలీనమయ్యాక కార్పొరేషన్ ఎన్నికలు ఎప్పుడు జరిగాయో తెలుసా? 2021 మార్చిలో! అంటే ఏడేళ్లకు పైగా ఈ పాత పట్నానికి వార్డు తరఫున మాట్లాడే ఒక్క ఎన్నికైన మనిషీ లేడు. కాలువ పూడినా, కుళాయి రాకపోయినా అధికారి దయే. ఎన్నికలు వచ్చాక కూడా కొత్త మండలిలో వార్డులు 98. అందులో భీమిలి వాటా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇక్కడే మేడిపల్లి గుర్తుకొస్తుంది. 2016లో జగిత్యాల జిల్లా కొత్తగా ఏర్పడి జిల్లా ఆఫీసు దగ్గరైంది. 2022లో మేడిపల్లి మండలంలోని భీమారం కొత్త మండలమై, చుట్టుపక్కల ఊళ్లకు తహసీల్దారు కూడా దగ్గరయ్యాడు. అక్కడా, ఇక్కడా ఊరి పేరులో ఉన్నది భీముడే! కానీ భీమారానికి ప్రభుత్వం ఎదురొచ్చింది, భీమిలి విషయంలో దూరంగా జరిగింది. ఒక విడ్డూరం కూడా ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు భీమిలికి రెవెన్యూ డివిజన్ ఇచ్చారు. ఆర్డీవో వచ్చాడు, మునిసిపాలిటీ మాత్రం తిరిగి రాలేదు. అనకాపల్లిదీ అదే సంగతి. జిల్లా కేంద్రమైంది, ఊరి పాలన మాత్రం విశాఖ నుంచి.

అర్జీ ఇవ్వడం కష్టం కాదు. 2019 అక్టోబరులో వార్డు సచివాలయాలు వచ్చాక ఆ పని వీధి చివరే అయిపోతోంది. భీమిలి జోన్‌కు విడిగా జోనల్ కమిషనర్ ఉన్నారు. వీధిదీపం మార్చడానికి అది సరిపోతుంది. కానీ తీరం ఎవరిది, దాన్ని ఏం చేయాలి అన్న పెద్ద ప్రశ్న వచ్చినప్పుడు?

ఆ ప్రశ్న ఊహ కాదు, ఇసుక మీదే లేచింది. భీమిలి తీరంలో కోస్తా నియంత్రణ నిబంధనలకు విరుద్ధంగా ఏకంగా కాంక్రీటు గోడ కట్టేశారు. సముద్రానికి, ఊరికి మధ్య ఇసుక మీద గోడ! చివరికి విషయం హైకోర్టుకెక్కి, ఆదేశాలొచ్చాక 2024 సెప్టెంబరులో కార్పొరేషన్ యంత్రాలతో కూల్చింది. ఇసుక కింద మిగిలిన పునాదుల మీద ఆ తర్వాత కూడా వాదనలు నడిచాయి. పట్టపగలు లేచిన గోడను ఆపడానికి హైకోర్టు దాకా వెళ్లాల్సి రావడమే అసలు సమస్య. ఊళ్లోనే నిర్ణయం తీసుకునే సభ ఒకటి ఉండుంటే పునాది దశలోనే గొడవ అయ్యేదని నా అభిప్రాయం. మునిసిపాలిటీల్లో అక్రమాలు జరగవని కాదు సుమా! కానీ అక్కడ అడిగేవాడికి, జవాబు చెప్పేవాడు సాయంత్రం బజారులో ఎదురుపడతాడు.

ఎర్రమట్టి దిబ్బలదీ ఇదే వరస. వేల ఏళ్లుగా గాలి, నీరు, సముద్రం కలిసి చెక్కిన ఎర్రటి లోయలవి. భూగర్భ శాస్త్రవేత్తలకు పాఠ్యపుస్తకం, సినిమావాళ్లకు పాటల లొకేషన్. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వీటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2024 జులైలో దిబ్బల అంచున యంత్రాలతో నేల చదును చేయడం వివాదమై, పనులు ఆగాయి. మరుసటేడు సెప్టెంబరులో ఇవే దిబ్బలు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. ఒక ఏడాది బుల్డోజరు, మరో ఏడాది యునెస్కో! పైగా భోగాపురం విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. విశాఖకు, ఆ విమానాశ్రయానికి మధ్యలో ఉన్న తీరపు నేల మీద ఎవరి కన్ను పడదు?

బోర్డుల్లో కనిపించే భీమిలి రిసార్టులది. తెల్లవారుజామున కనిపించే భీమిలి మత్స్యకారులది. పడవలు ఇసుక మీదికి లాగాలి, వలలు ఆరేయాలి, చేపలు ఎండబెట్టాలి. ఇవన్నీ ఖాళీ తీరం ఉంటేనే సాగే పనులు. పటం మీద ఖాళీగా కనిపించే ఇసుక వాళ్లకు పని చేసుకునే కార్ఖానా. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేట బంద్. ఆ రోజులకు ఇచ్చే సాయాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2025లో 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచింది. మంచిదే. కానీ పడవ నిలిపే చోటు పోతే ఏ సాయమూ దాన్ని తిరిగి ఇవ్వలేదు.

సముద్రం పక్కన పుట్టిన చిన్న ఊళ్లకు ఈ తంటా మన దగ్గరే కాదు. స్కాట్లండ్ తూర్పు తీరంలో నార్త్ బెరిక్, ఆన్‌స్ట్రదర్ లాంటి ఊళ్లున్నాయి. అవీ చేపల రేవులే, సెలవులకు జనం పరుగెత్తే చోట్లే. వందల ఏళ్లుగా వాటికి సొంత పట్టణ మండళ్లుండేవి. 1973లో చేసిన చట్టంతో 1975 మేలో అవన్నీ రద్దయి పెద్ద కౌన్సిళ్లలో కలిసిపోయాయి. అయితే అక్కడివాళ్లు ఒక చిన్న కిటికీ తెరిచి ఉంచారు. ఊరికో ‘కమ్యూనిటీ కౌన్సిల్’. పన్ను వేసే అధికారం లేదు, చెప్పుకోదగ్గ డబ్బూ లేదు. కానీ ఊళ్లో కొత్త కట్టడాల అనుమతుల మీద తన మాట చెప్పే హక్కు చట్టమే ఇచ్చింది. గోడ లేవకముందే చెప్పే హక్కన్నమాట!

మనకూ అలాంటిది లేకపోలేదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలుండాలి. 1861 నుంచి సొంతంగా పాలించుకున్న భీమిలికి, కనీసం తీరం గురించి అడిగి తీరాల్సిన ఒక కమిటీ అయినా ఇస్తే ఖజానాకు వచ్చే నష్టమేమిటి?

మీరు వెళ్లాలనుకుంటే... కాజీపేటలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. అక్కడి నుంచి 900కె సిటీబస్సు బీచ్‌రోడ్డు మీదుగా భీమిలి తీసుకెళ్తుంది. కుడివైపు కిటికీ సీటు పట్టుకోండి. ఊళ్లో దిగాక సమాధులు చూసి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి నడవండి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి, తాటిపూడి జలాశయంలోంచి వచ్చే నది అది. దారిలోనే విశాఖ కుళాయిలకు కొంత నీళ్లు ఇచ్చి, మిగిలిన దానితో ఇక్కడికి చేరుతుంది. వేసవిలో వెళ్తే నది ఎక్కడ ఆగిందో, ఇసుక ఎక్కడ మొదలైందో వెతుక్కోవాల్సిందే.