నాలుగు రోజులు దాచిన అంకె

ఫజర్ నమాజ్ అయ్యాక ముసల్లా మడుస్తుంటే మా బేగం అడిగింది: "క్యా జీ, రిపోర్టు వచ్చిందా?"

"ఇంకా రాలేదు" అన్నాను. ఝూట్. నాలుగు రోజులుగా ఫోన్‌లోనే ఉంది: 0.16.

రెండేళ్ల కింద నాకు క్యాన్సర్ అని ప్రోస్టేట్ గ్రంథి తీసేశారు. పీఎస్ఏ అనే రక్తపరీక్ష మాత్రం వదల్లేదు. "గ్రంథే పోయాక పరీక్ష దేనికి?" అని రిష్తేదార్లంతా అడిగారు. పీఎస్ఏని తయారుచేసేది ప్రోస్టేట్ కణాలేనట. గ్రంథి పోతే అంకె దాదాపు సున్నాకి రావాలి. మళ్లీ పెరుగుతోందంటే ఆ కణాలు ఒంట్లో ఎక్కడో మిగిలాయన్న అనుమానం. అందుకే మొదట మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి, ఒకే ల్యాబులో.

ఇన్నాళ్లూ 0.1 లోపే ఉండేది. చూసిన ప్రతిసారీ రెండు రకాతుల షుక్రానా చదివేవాణ్ణి. ఈసారి దాటింది. చెప్తే ఇంట్లో అందరి నిద్రా హరామ్ అవుతుందని దాచాను. దాన్నే సబర్ అనుకున్నాను.

దాచడం నాకు అలవాటే. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు మూత్రం ఆగేది కాదు. షర్మ్‌తో మస్జిద్ మానేశాను. బట్టలు నాపాక్ అని ఇంట్లోనూ నమాజ్ వదిలేశాను. చివరికి ఇమాం సాబ్‌ని చాటుగా అడిగితే, అలాంటివాడు మాజూర్, ప్రతి నమాజ్ వక్త్‌కి తాజాగా వజూ చేసుకుంటే చాలన్నారు. ఆ ఒక్క మాట అడగడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

అది గుర్తొచ్చి, జొహర్ తర్వాత బేగంకి ఫోన్ చూపించాను. ఏడవలేదు. "నాకే ఝూట్ చెప్పారా జీ?" అని బురఖా వేసుకుని నాతో ఆస్పత్రికి బయల్దేరింది.

ఒక్క అంకెతో ఫైసలా చేయమన్నారు డాక్టర్ సాబ్. మళ్లీ పరీక్ష చేయాలి. 0.2 దాటి, ఆ తర్వాతి పరీక్షలోనూ అలాగే ఉంటే మర్జ్ తిరిగొచ్చినట్టు లెక్క. అప్పుడూ దర్వాజా మూసుకుపోదు. అంకె చిన్నగా ఉన్నప్పుడే రేడియేషన్ ఇస్తే ఫాయిదా ఎక్కువ. నేను దాచిపెట్టింది సరిగ్గా ఆ టైమునే.

ఆరు వారాల తర్వాతి తారీఖు బేగం క్యాలెండర్‌లో రాసింది. ల్యాబులో నా నంబర్ తీయించి తన నంబర్ ఇచ్చింది.

మీ ఇంట్లో అబ్బాజాన్‌కి ఈ ఆపరేషన్ అయివుంటే, "ఖైరియత్?" అని అడిగి ఊరుకోకండి. తర్వాతి పరీక్ష ఎప్పుడో అడగండి. నా కోసం దువా చేయండి.