బట్టగుమ్మడి

గుండ్రని వస్తువును గుడ్డతో కుట్టడం ఎంత కష్టమో కుట్టుపని తెలిసినవారు ఎరుగుదురు. గుడ్డ స్వభావం చదును. దానిని మడవవచ్చును, చుట్టవచ్చును. కాని పండు వలె నిండుగా ఉబ్బి నిలువుమంటే అది ఒక పట్టాన ఒప్పుకోదు. ఈ సంగతి నేను ఏభై ఏళ్ళు దాటిన తరువాత, నిరుడు ఆశ్వయుజ మాసంలో, గోల్ ఘర్ లోని మా ఇంటి వసారాలో కూర్చుండి తెలుసుకున్నాను.

గోల్ ఘర్ అండమాన్ దీవుల ముఖ్యపట్టణంలో ఒక పేట. ఆ పట్టణం 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్. ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురం. హిందీలో గోల్ ఘర్ అంటే గుండ్రని ఇల్లు. మా ఇల్లు మాత్రం నాలుగు పలకలదే. ఆ వసారాలోనే నేను ముప్పై సంవత్సరాలుగా హిందీ కథలను తెలుగు చేస్తున్నాను.

మా అమ్మ శ్రీకాకుళం ప్రాంతం నుంచి, పెండ్లయిన కొత్తలో, విశాఖపట్నంలో ఓడ ఎక్కి ఈ దీవికి వచ్చినది. ఆమె ట్రంకుపెట్టెలో బొమ్మల కొలువు సామాను ఉండేది. ఏటికొప్పాక లక్కబొమ్మలు అంకుడుకర్రతో చేసినవి కనుక సముద్రపు కుదుపులకు నిలిచినవి. మట్టితో చేసిన కూరగాయల బుట్ట మాత్రం పెంకులైనది. ఆ యేటి దసరాకు కొలువులో అంగడి మెట్టు బోసిపోతుందని అమ్మ పాతచీర చింపి ఒక గుమ్మడిపండు కుట్టినది. తరువాత వంకాయలు, దోసకాయలు కుట్టినది గాని గుమ్మడే ముందు పుట్టినది, గుమ్మడే అందరికీ నచ్చినది. నాకు ఊహ తెలిసేనాటికి సూదిలో దారం ఎక్కించడం నా పని. "నీ కళ్ళు లేతవిరా" అనేది అమ్మ. ఆ గుమ్మడి దూది ముద్దకట్టి, ఎలుక కొరికి, ఏనాడో పోయినది. అమ్మ 2019లో పోయినది.

నిరుడు అమెరికా నుంచి మా అమ్మాయి ఉత్తరం వంటి సందేశం ఒకటి పంపినది. అక్కడ ఆకులు రాలే కాలంలో భోజనాల బల్ల మీద గుమ్మడికాయలు అలంకరించడం ఆచారమట. నిజమైనవే కాక గుడ్డతో కుట్టినవి కూడా అంగళ్ళలో అమ్ముతారట. "నానమ్మ కుట్టేదని చెబుతావే, అటువంటివి మూడు కుట్టి పంపు నాన్నా" అని వ్రాసినది. లేమి వలన పుట్టిన వస్తువు ఇంకొక దేశంలో కలిమికి అలంకారమైనదే అని కొంతసేపు నవ్వుకున్నాను.

నిజానికి గుమ్మడికి ఆ ఖండమే పుట్టిల్లు. ఎర్రగా పండే తీపిగుమ్మడి పోర్చుగీసువారి రాకకు తరువాతనే మన దేశం చేరినది. అంతకు ముందు నుంచి మనకు ఉన్నది బూడిదగుమ్మడి. సంస్కృతంలో కూష్మాండమంటే అదే. శరన్నవరాత్రులలో నాలుగవ నాటి దేవి పేరు కూష్మాండ. తెలంగాణంలో బతుకమ్మకు గుమ్మడి ఆకూ, గుమ్మడి పువ్వూ కావలెను. పరాయి తీగ మన పండుగలో ఇంతగా అల్లుకొన్నది. హిందీలోనూ దానికి ఒక పేరు కాదు: కద్దూ, కుమ్హడా, సీతాఫల్. ఢిల్లీ వైపువారు సీతాఫల్ అన్నా గుమ్మడే. నేను అనువాదం మొదలుపెట్టిన రోజులలో ఒక కథలో ఇల్లాలు సీతాఫల్ కూర వండితే "సీతాఫలం కూర" అని వ్రాసి అచ్చుకు పంపాను. ఎవరూ గమనించలేదు. ఆ కూర తలచుకుంటే నాకు ఈనాటికీ సిగ్గు.

గుడ్డ కోసం బజారుకు వెళ్ళాను. దొరికినవన్నీ మెరిసే పాలియెస్టరు బట్టలు. ఇంటికి వచ్చి మా ఆవిడతో ఆ మాట అన్నాను. ఆమె కొంచెం ఆగి, "అత్తయ్యగారి చీర ఉన్నది కదండీ" అన్నది.

అది గుమ్మడిపండు రంగు మంగళగిరి నూలుచీర. అమ్మవి మిగిలినవాటిలో నేను దాచుకొన్నది అదొక్కటే. "దానిని కత్తిరించమంటావా?" అని కోపగించుకున్నాను. ఆమె మాటాడక పెట్టె తెరిచి చీర నా ఒడిలో ఉంచినది. ఈ దీవులలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆ తేమకు చీర మీద బూజు మచ్చలు పడినవి. మడతల వెంట నూలు చివుకుతున్నది. దాచడమంటే కాపాడడమే అని నేను అనుకొన్నాను. పెట్టెలో అది నెమ్మదిగా నశిస్తూనే ఉన్నది.

రెండు రోజులు ఆలోచించి కత్తెర పట్టుకున్నాను. చీర పన్నా 44 అంగుళాలు. కొంగుకు ఎదురు చివర 20 అంగుళాల మేర కత్తిరించి, రెండు వైపులా అంచులు తీసివేస్తే, 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు గల ముక్కలు నాలుగు వచ్చినవి. ముక్క పొట్టి అంచులు రెండూ కలిపి కుట్టితే గొట్టమవుతుంది. అడుగు అంచున దూరపు కుట్టు వేసి దారం లాగి ముడివేసి, తిరగవేసి, దూది కూరి, పై అంచును కూడా అట్లే దగ్గరకు లాగవలెను. తరువాత పొడుగాటి సూదితో లావు దారాన్ని నడిమధ్య నుంచి దూర్చి, బయటి నుంచి చుట్టి తెచ్చి, మళ్ళీ మధ్యలోకి దించాలి. ఎనిమిది సార్లు చుట్టితే ఎనిమిది తొనలు తేలుతాయి.

నా మొదటిది గుమ్మడి కాలేదు, దిండు అయినది. అమ్మ చీర కదా అని దారం మెత్తగా లాగాను. అప్పుడు అమ్మ మాట గుర్తుకు వచ్చినది: "లాగరా, గట్టిగా లాగు. లాగకపోతే అది మూటే." గట్టిగా లాగాను. చివికిన నూలు నా చేతిలోనే చిరిగిపోయినది.

ఆ చప్పుడుకు పక్కింటి పెద్దావిడ తొంగి చూసినది. ఆమె పెద్దలు 1918 ప్రాంతంలో ఛోటానాగపూర్ నుంచి అడవిపనికి ఇక్కడికి తేబడిన వారిలోనివారు. "ఏమి భయ్యా, కోంహడానా?" అని హిందీలో అడిగి, చిరుగు చూసి, "లోపల అస్తరు వేయలేదేమి? పాతగుడ్డ ఒంటరిగా దారం మోయదు" అన్నది.

మిగిలిన మూడింటికీ లోపల కొత్త కోరాగుడ్డ వేశాను. దారం లాగినప్పుడు బిగువంతా అస్తరు మోసినది. పైన ఉన్న చీర ఒదిగి తొనలు తీరినది. ఇన్నేళ్ళు నేను చేస్తున్న పని కూడా ఇదే కదా అనిపించినది. మూలం బిగువును లోపల ఉండి మోయవలసినది తెలుగే. అది పైకి కనబడనక్కరలేదు. నా పాత అనువాదాలలో చిరుగులు ఎక్కడ పడ్డాయో ఆనాడు కొన్ని తెలిసివచ్చినవి.

సూదిలో దారం పక్కింటావిడ మనుమడు ఎక్కించినాడు. వాడి కళ్ళు లేతవి. తొడిమకు ఎండిన గుమ్మడి కాడ పెడదామనుకొన్నాను గాని, మొక్కల భాగాలు అనుమతి లేకుండా ఆ దేశంలోకి పోనీయరు. అందుచేత తీసిన అంచులనే బిగించి చుట్టి తొడిమలు చేశాను.

మూడూ అమెరికా చేరినవి. బల్ల మీద ఉంచి అమ్మాయి చూపించినది. ఒక దానిని ముఖం దగ్గరకు తీసుకొని, "నాన్నా, మన ఇంటి వాన వాసన వస్తున్నది" అన్నది. చిరిగిన దానికి అస్తరు వేసి, మాసిక కుట్టి, మా కొలువులో అంగడి మెట్టు మీద కూర్చోబెట్టాను. అది కొంచెం ఒక పక్కకు ఒరిగి ఉంటుంది.

చీర ఇంకా ఐదు గజాల పైగా మిగిలినది. దానిని మళ్ళీ పెట్టెలో పెట్టలేదు. వసారాలో దండెం మీద, గాలి తగిలేచోట వేసి ఉంచాను. దసరా వచ్చేలోగా కత్తెర తీయాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.