బాలికలు – బిగ్గరపాట

సంగీతప్రీతి మానవులకెల్ల సహజమే యైనను, కౌమారావస్థయందున్న బాలికలకు సంగీతము కేవలము వినోదము గాదు. చెప్పుకొనుటకు మాటలు దొరకని వయస్సులో పాటయే వారికి మాటయగును. ఈ సంగతిని తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును తఱచుగా మఱచుచుందురు. తాము చిన్ననాట విన్న పాటలు అమృతమనియు, తమ బిడ్డలు వినునవి గోలయనియు తలంచుట ప్రతి తరమువారికిని పరిపాటియై యున్నది. ఒకప్పుడు హార్మోనియమునకు సయితము ఈ నింద తప్పలేదు. 1940వ సంవత్సరము మొదలు 1971 వఱకు ఆకాశవాణిలో దానికి చోటు లేకుండెను. నేడు హార్మోనియము లేని భజన గాని, ప్రార్థనకూటము గాని ఊహింపగలమా?

ఇప్పుడు పెద్దల కోపమునకు గుఱియైనది గిటారు. మన హైస్కూలు బాలికలు సెలవుదినములలో సెల్‌ఫోనులయందు వినునవి చలనచిత్రగీతములు మాత్రమే గావు. గ్రంజ్ అనియు, ఆల్టర్నేటివ్ రాక్ అనియు పేర్లుగల పరదేశపు పాటలను, తాము పుట్టుటకు పదునైదేండ్లకు ముందే వెలువడినవానిని, వారిలో కొందఱు కంఠస్థము చేసియున్నారు. ఈ యేటి వార్షికోత్సవమున అట్టి పాట నొకదానిని పాడుటకు పదవ తరగతి బాలికలు నలుగురు అనుమతి కోరిరి. ఉపాధ్యాయుల సమావేశమున ఈ సంగతి చర్చకు వచ్చినపుడు, “అది యేడ్పో, కేకయో తెలియదు, ఆడపిల్లలకు తగిన పాట గాదు” అని యొకరును, “ఆ పాటలు పాడినవాడు ఆత్మహత్య చేసికొనెనట” అని వేఱొకరును పలికిరి. నిర్ణయము వాయిదాపడినది. ఆ రెండు మాటలును పిల్లల మేలుకోరి పలికినవే గనుక త్రోసివేయదగినవి గావు. అయినను తీర్పునకు ముందు విచారణ యుండవలెను గదా! కావున ఆ పాటల చరిత్రమును నే నెఱిగినంతవఱకు ఇచట వ్రాయుచున్నాను.

సియాటిల్ అనగానే నేడు మనకు మైక్రోసాఫ్టు, అమెజాను కంపెనీలు జ్ఞప్తికి వచ్చును. మన తెలుగుబిడ్డలెందఱో ఆ ప్రాంతమున ఉద్యోగములు చేయుచున్నారు. 1980 దశకమున నది అమెరికా దేశమునకు వాయవ్యమూలనుండి, కలపకును, విమాననిర్మాణమునకును పేరుగన్న వానల నగరము. దేశమున ప్రసిద్ధులగు గాయకబృందములు అంత దూరము తఱచుగా పోకుండిరి. అందుచేత అచటి యువజనులు తమ పాటను తామే కట్టుకొనిరి. గ్రంజ్ అనగా ఇంగ్లీషున మకిలి యని యర్థము. ఆ పేరు ఆ ధ్వనికి తగియున్నది. విద్యుద్గిటారునుండి వచ్చు సంకేతమును యంత్రము భరింపగల మేరకు మించి పెంచినచో, తరంగముల శిఖరములు తెగిపోయి, మొదట లేని స్వరాంశములు వచ్చి చేరి, బొంగురుమ్రోత పుట్టును. ఇతరులు దోషముగా నెంచు దానినే వీరు గుణముగా గైకొనిరి. గళ్లచొక్కాలును, మోకాళ్లకడ చినిగిన పంట్లాములును వీరి వేషము. అవి యచటి చలికిని, కలపకూలీల వాడుకకును, పాతబట్టల యంగడి వెలలకును సరిపోయినవే గాని అలంకారమునకై ధరించినవి గావు.

ఈ బృందములలో నిర్వాణ, పెర్ల్ జామ్, సౌండ్‌గార్డెన్, ఆలిస్ ఇన్ చెయిన్స్ అనునవి మిక్కిలి ప్రసిద్ధములు. నిర్వాణ బృందమును 1987లో అబర్డీన్ అను చిన్న పట్టణమున కర్ట్ కొబేన్, క్రిస్ట్ నోవొసెలిచ్ అనువారు స్థాపించిరి. 1989లో వెలువడిన వారి మొదటి ఆల్బమును ముద్రించుటకైన వ్యయము ఆఱువందల డాలర్లకు కొంచెము మించినదంతే. 1991 సెప్టెంబరులో వెలువడిన రెండవ ఆల్బము “నెవర్‌మైండ్” 1992 జనవరిలో మైకేల్ జాక్సన్ ఆల్బమును దింపి అమెరికా పట్టికలో ప్రథమస్థానము నందెను. అందలి మొదటి పాటపేరు “స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్”. టీన్ స్పిరిట్ అనునది బాలికల కొఱకు అమ్మబడుచుండిన, చెమటవాసన పోగొట్టు సరకు. కేథలీన్ హానా అను యువగాయని కొబేన్ గదిగోడపై పరిహాసముగా వ్రాసిన వాక్యమున ఆ పేరుండగా, అతడు సరకు సంగతి యెఱుగక, తిరుగుబాటునకు సంబంధించిన మాటయనుకొని పాటకు పెట్టెను. ఒక తరమునకు పతాకయైన పాటపేరు ఒక యువతి చేతివ్రాతనుండి పుట్టినది!

బాలికలకు ఈ పాటలు ఏల రుచించును? మొదటి కారణము పాట కట్టడి. చరణము గొణుగుడువలె మెల్లగానుండి, పల్లవి యొక్కసారిగా విరుచుకొనిపడును. పిక్సీస్ అను బృందమును చూచి ఈ పద్ధతి నవలంబించితినని కొబేనే చెప్పియున్నాడు. పగలంతయు “అట్లేనండి” యని తలయూపి, రాత్రి దిండులో మొగము దాచుకొను బాలికకు ఈ కట్టడి క్రొత్తది గాదు. శిక్షణకళాశాలలో చదువునపుడు, స్టాన్లీ హాల్ అను పండితుడు 1904లో కౌమారమును గూర్చి ప్రకటించిన గ్రంథమును మాకు బోధించిరి. ఆ వయస్సు తుపానువంటిదని యాయన మతము. తరువాతి పండితులు దానిని పూర్తిగా నంగీకరింపలేదు. అయినను తుపాను పట్టిన బిడ్డలను ఇరువదియేండ్లుగా తరగతిలో చూచుచున్న నాకు ఆ మాట తెలిసినమాటయే.

రెండవ కారణము వేషము. తెరపై కనబడు స్త్రీలందఱును తీర్చిదిద్దిన బొమ్మలవలె నుండగా, సౌందర్యమును గూర్చి యెవరికిని లెక్క యొప్పజెప్పనక్కఱలేని ఒక లోకమును ఈ పాటలు బాలికలకు చూపినవి. మూడవది స్త్రీలయెడ గౌరవము. స్త్రీలను ద్వేషించువారును, వర్ణభేదము పాటించువారును మా సభలకు రావలదని కొబేన్ 1992లో తమ ఆల్బముతో ప్రచురించిన వ్రాతలో స్పష్టముగా చెప్పెను. అంతటి ప్రసిద్ధుడు తన శ్రోతలనే అట్లు మందలించుట సామాన్యము గాదు.

ఆ కాలముననే స్త్రీలు తామే గిటారు చేతబట్టిరి. కేథలీన్ హానా 1990లో ఒలింపియా నగరమున బికినీ కిల్ అను బృందమున చేరి పాడెను. ఆ సభలలో ముందువరుసలు పురుషుల త్రోపులాటకే నెలవులు కాగా, బాలికలు ముందునకు రావలెనని యామె వేదికమీదనుండియే పిలిచెను. ఆ యువతులు తమ మాటలను కాగితములపై వ్రాసి, నకళ్లు తీసి, చేతినుండి చేతికి పంచుకొనిరి. మన బాలికలు నడపు గోడపత్రిక వంటిదే యది. ఎల్ సెవెన్, హోల్, బ్రీడర్స్ అను బృందములును ఆ దినములవే. 1995లో అలానిస్ మోరిసెట్ అను కెనడా యువతి కోపమును కోపముగానే పాడిన ఆల్బము మూడుకోట్లకు పైగా అమ్ముడుపోయెను. 1996లో గ్రామీ ప్రధానబహుమానము నందినపుడు ఆమెకు 21 ఏండ్లు.

ఇక మన బాలికలు కోరిన పాట “జాంబీ”. అది ఐర్లండు దేశమున లిమరిక్ నగరమునకు చెందిన క్రాన్‌బెరీస్ బృందముది. 1993 మార్చిలో ఇంగ్లండునందలి వారింగ్టన్ పట్టణమున, అంగళ్లవీథిలో, ఐరిష్ సాయుధులు పెట్టిన బాంబులు ప్రేలి ఇరువురు బాలురు మరణించిరి. ఒకనికి మూడేండ్లు, వేఱొకనికి పన్నెండు. ఆ వార్త విని డొలోరెస్ ఓరియోర్డన్ అను గాయని ఈ పాట వ్రాసెను. అది 1994లో వెలువడెను. చంపినవారు తన దేశము పేర చంపిరి గనుక, ఆ పని మాది గాదని చెప్పుటకు ఆమె గొంతెత్తెను. ఏడ్పో, కేకయో తెలియదన్నవారి మాట నిజమే. అది రెండును.

నేను ఇంగ్లీషు తరగతిలో “నీకు నచ్చిన పాట” అను వ్యాసము వ్రాయుమంటిని. అనుమతి కోరిన నలుగురిలో నొక బాలిక ఈ పాటను గూర్చి వ్రాసెను. ఆమె తమ్ముడు రెండేండ్లక్రిందట కాలువలోపడి మరణించెను. ఆ దినములలో బంధువులందఱును ఆమెతో, “నీవు ఏడువకుము; అమ్మను చూచుకొనుము” అనిరట. “ఈమె తనకేమియు కాని పిల్లలకొఱకు ఇంత బిగ్గరగా ఏడ్చుచున్నది. నా తమ్మునికొఱకు నన్నెవరును ఏడువనీయలేదు” అని యా బాలిక వ్రాసెను. ఆ కాగితముపై మార్కులు వేయుటకు నాకు చేయి రాలేదు. వ్యాకరణదోషములు రెండుమూడు దిద్ది, క్రింద “నాతో మాటలాడుము” అని వ్రాసితిని. ఆమె మఱునాటి సాయంకాలము వచ్చి చాలసేపు మాటలాడెను.

ఇక మరణము సంగతి. జాంబీ పాడిన ఓరియోర్డన్ 2018లో ప్రమాదవశమున గతించెను. ఆత్మహత్య చేసికొన్నవాడు కొబేన్. అది 1994 ఏప్రిలు 5వ తేది. అతనికి 27 ఏండ్లు. అతని భార్య కోర్ట్నీ లవ్ నడపిన హోల్ బృందపు ఆల్బము వారము దినములకే వెలువడినది. “దీనిని దాటి బ్రతుకుము” అని చెప్పదగిన దాని పేరు ముందే పెట్టబడినది. ఈ చరిత్ర విన్న బాలిక యొకతె, “టీచరుగారూ, అంత మంచి పాటలు వ్రాసినవాడు ఎందుకు చచ్చిపోయెనండీ?” యని నన్నడిగెను. ఈ ప్రశ్నకు భయపడి పాటను దాచుట సులభము. ప్రశ్న మాత్రము దాగదు. నేనిట్లు చెప్పితిని: “అతనికి తీరని కడుపునొప్పియు, మత్తుమందుల వ్యసనమును, మనోవ్యాధియు నుండెను. అవి చికిత్సకు దగిన వ్యాధులు. వ్యాధి యతనిచేత పాటలు వ్రాయింపలేదమ్మా; అది యున్నను అతడు వ్రాసెను. బ్రతికియుండినచో ఇంకను వ్రాసియుండును.”

అతని మరణానంతరము అనేక బాలబాలికలు అతని త్రోవ త్రొక్కుదురేమోయని సియాటిల్ పెద్దలు భయపడిరి. పరిశీలింపగా అచట ఆత్మహత్యలు పెరిగినట్లు కానరాలేదు. సహాయకేంద్రమునకు ఫోను చేసినవారి సంఖ్య మాత్రము పెరిగినది. ఆ నగరమువారు ఆ మరణమును గొప్పచేయక, దుఃఖించువారు సహాయము కోరదగిన చోటును బహిరంగముగా చెప్పుటయే అందుకు తోడ్పడినదని పండితులు తలంచిరి. మన దేశమునను 2022 నుండి టెలీ మానస్ అను ప్రభుత్వసేవ యున్నది. 14416 సంఖ్యకు ఎవరైనను, ఏ వేళనైనను, ఉచితముగా ఫోను చేసి తెలుగుననే మాటలాడవచ్చును. ఈ సంఖ్యను ప్రతి బాలికయు గుర్తుంచుకొనవలెను.

బాలికలారా! మీకును ఒక మాట. చినిగిన పంట్లామును పేదవాడు తొడిగిననాడు అది యవసరము. 1992లోనే న్యూయార్కు దర్జీలు దానిని గొప్పయింటివారి వేషముగా మార్చి చూపిరి. పాటను అమ్మువారు దుఃఖమునుగూడ అమ్మజూతురు. మత్తును, మరణమును అందమైన వస్తువులుగా చూపువానిని నమ్మకుడు. పాటలోని ధైర్యమును గైకొని, పాడినవారి వ్యసనములను విడిచిపెట్టుడు. బియ్యములో రాళ్లేరుట మీకు నేర్పనక్కఱలేదు గదా! కంఠమెత్తి పాడుటతో ఆగక, గిటారు తీగె మీటుటయు, పద్యమో పాటయో స్వయముగా కట్టుటయు నేర్చుకొనుడు. 2021లో లాస్ ఏంజెలెస్ నగరపు గ్రంథాలయమున లిండా లిండాస్ అను బాలికల బృందము, జాతిని బట్టి తమలో నొకతెను కించపఱచిన తోటి బాలునిగూర్చి తామే వ్రాసిన పాట పాడగా లోకమంతయు విన్నది. వారిలో చిన్నదానికి అప్పటికి పదియేండ్లే.

పెద్దలకు నా మనవి యిది. 2014లో నిర్వాణ బృందమునకు అమెరికాలో గౌరవసత్కారము జరిగినపుడు కొబేన్ లేని చోట నిలిచి అతని పాటలు పాడినవారు నలుగురు స్త్రీలు. అందు చిన్నదగు లార్డ్‌కు 17 ఏండ్లు. ఆ పాటలు ఎవరి సొత్తో అచట తేలిపోయినది. మన బాలికలు అడిగినది నాలుగు నిమిషముల కాలము, ఒక గిటారు, వినుటకు కొన్ని కుర్చీలు. ఆ పాట చచ్చిన పిల్లలకొఱకు ఏడ్చుటకును, చంపుట తప్పని చెప్పుటకును పుట్టినది. అది ఆడపిల్లలకు తగదన్నచో, ఎవరికి తగునో సమావేశమువారే సెలవియ్యవలెను.