బాదామికి వెళ్తున్నారా? ఒక్క పూటలో ‘కవర్’ చేయకండి!

లాంగ్ వీకెండ్ వచ్చిందంటే మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తిరిగే ప్లాన్ ఎప్పుడూ ఒకటే. రెండు రోజులు హంపి, తిరుగు దారిలో బాదామి, పట్టదకల్, ఐహోళె. ఈ మూడింటికీ కలిపి ఒక్క రోజు! పొద్దున పదకొండింటికి కారు దిగడం, ఎండలో గుహలు ఎక్కడం, సెల్ఫీ, దిగడం, వెళ్లిపోవడం. బాదామిలో ఏం చూశావంటే ‘కోతులు’ అంటారు.

నేను బాదామికి మూడుసార్లు వెళ్లాను. ఉత్తర కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లాలో ఉన్న ఈ చిన్న ఊరికి కనీసం రెండు రాత్రులు ఇవ్వండి. ఎందుకు ఇవ్వాలో, ఎలా తిరగాలో చెప్తాను.

మనకేంటి సంబంధం?

చాలా ఉంది. చిన్నప్పుడు పాలు తాగించాక పొట్ట నిమురుతూ అమ్మమ్మలు ‘వాతాపి జీర్ణం’ అంటారు కదా, బాదామి పాత పేరు ఆ వాతాపే. ఊరి మధ్యలో ఉన్న చెరువు పేరు అగస్త్య తీర్థం. కథ అంతా పేర్లలోనే ఉంది.

ఇక చరిత్ర. 543లో మొదటి పులకేశి ఇక్కడి కొండ మీద కోట కట్టి చాళుక్య రాజధానిని చేశాడు. రెండో పులకేశి తన తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడికి వేంగిని అప్పగించాడు. తూర్పు చాళుక్యులు అలా మొదలయ్యారు. ఆ వంశంలోని రాజరాజ నరేంద్రుడే 11వ శతాబ్దంలో నన్నయతో మహాభారతాన్ని తెలుగు చేయించాడు. అంటే మన ఆదికావ్యానికి ఆశ్రయమిచ్చిన వంశం మూలాలు ఈ ఎర్ర కొండల్లో ఉన్నాయన్నమాట.

ఎలా వెళ్లాలి?

హుబ్బళ్లి–సోలాపూర్ రైలు మార్గంలో బాదామి స్టేషన్ ఉంది. బెంగళూరు వాళ్లకు రాత్రి ఎక్కితే పొద్దున దింపే గోల్‌గుంబజ్ ఎక్స్‌ప్రెస్ సుఖం. హైదరాబాద్ నుంచి అయితే విజయపుర గానీ హుబ్బళ్లి గానీ చేరుకుని, అక్కడి నుంచి రైలో బస్సో పట్టుకోవచ్చు. విమానం కావాలంటే హుబ్బళ్లి దగ్గర, అక్కడి నుంచి వంద కిలోమీటర్ల పైనే. స్టేషన్ ఊరికి ఐదు కిలోమీటర్ల దూరం. రైలు రాగానే బయట ఆటోలు ఉంటాయి, వాటి కోసం పరుగెత్తక్కర్లేదు.

అక్టోబర్ నుంచి ఫిబ్రవరి మంచి కాలం. ఎండాకాలంలో ఈ ఇసుకరాయి పెనంలా కాలుతుంది. వానాకాలానికి ఒక బోనస్ ఉంది. గట్టి వాన పడితే చెరువు వెనక కొండ మీంచి రెండు పాయలుగా నీళ్లు దూకుతాయి. వాటిని ‘అక్కా తంగి’ అంటారు, అంటే అక్కాచెల్లెళ్లు. పుష్య పౌర్ణమి ప్రాంతంలో పక్కనే బనశంకరి జాతర జరుగుతుంది. సరదాగానే ఉంటుంది కానీ గదులు ముందే బుక్ చేసుకోవాలి.

మొదటి రోజు: గుహలు, చెరువు

గేటు తెరిచే టైమ్ ముందురోజే కనుక్కుని, తెరవగానే వెళ్లండి. అందరూ ఒకటో గుహ దగ్గర ఆగిపోతారు. మీరు ఆగకుండా నేరుగా మూడో గుహకు ఎక్కండి. బస్సుల్లో వచ్చే జనం అక్కడికి చేరేలోపు ఒక అరగంట అది మీ సొంతం. ఆదిశేషుడి మీద కూర్చున్న విష్ణువు, త్రివిక్రముడు, నరసింహుడు ఆ వరండాలో మనిషి కంటే ఎత్తుగా ఉంటారు. 578 నాటి శాసనం ఉండటంతో ఈ గుహ ఎప్పటిదో కచ్చితంగా తెలుస్తోంది. తలెత్తి స్తంభాల పైన ఉన్న జంటల బొమ్మల్ని చూడటం మర్చిపోకండి. తర్వాత పైన ఉన్న నాలుగో గుహలో జైన తీర్థంకరుల్ని, బాహుబలిని చూసి కిందికి దిగుతూ రెండు, ఒకటి చూడండి. ఒకటో గుహలో పద్దెనిమిది చేతుల నటరాజు ఉన్నాడు. చేతులు లెక్కపెట్టకుండా ఎవరూ కదలరు.

కోతుల సంగతి. చేతిలో కవర్, చిప్స్, కూల్‌డ్రింక్ కనిపించకూడదు, అంతే. పిల్లలు ముచ్చటపడినా తిండి పెట్టకండి. మీరు పెట్టే ఒక్క బిస్కెట్ వల్ల అవి తర్వాత వచ్చేవాళ్ల మీద పడతాయి.

మధ్యాహ్నం ఎండలో మ్యూజియం చూడండి. శుక్రవారం సెలవు. సాయంత్రం చెరువు తూర్పు గట్టున ఉన్న భూతనాథ గుడికి నడవండి. పొద్దు పడమటికి వాలే వేళ గుడి మీద, వెనక కొండ మీద పడే రంగుకు ఫిల్టర్ అక్కర్లేదు.

ఇది సెట్టింగ్ కాదు, ఊరు

అన్నిటికంటే ముఖ్యమైన సలహా ఇదే. చెరువుకూ మెయిన్ రోడ్డుకూ మధ్య సందుల్లో జనం కాపురం ఉంటారు. చెరువు మెట్ల మీద ఆడవాళ్లు బట్టలు ఉతుకుతారు. పద్నాలుగు వందల ఏళ్ల గుళ్లకు ఎదురుగా రోజువారీ పని జరుగుతుంటుంది. ఆ దృశ్యం ఎంత బాగున్నా, తడి చీరల్లో పని చేసుకుంటున్న వాళ్ల మీద జూమ్ పెట్టడం బాగోదు. మన ఇంటి పెరట్లోకి ఎవరో కెమెరా పెడితే ఊరుకుంటామా? ‘అక్కా, ఫొటో తెగిబహుదా?’ అని అడగండి. వద్దంటే నవ్వి ముందుకెళ్లండి. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయడం అసలే కుదరదు.

ఇంకో లెక్క కూడా ఉంది. ఒక పూట వచ్చి వెళ్లేవాళ్లు ఊరికి ఇచ్చేది ట్రాఫిక్, ఖాళీ సీసాలు. రాత్రి ఉండేవాళ్లయితే గది అద్దె, రెండు పూటల భోజనం, ఆటో కిరాయి ఇచ్చి వెళ్తారు. ఊరికి తేడా పడేది అక్కడే.

తిండి

బాదామికి ఐదు కిలోమీటర్లలో ఉన్న బనశంకరి గుడి దగ్గర ఆడవాళ్లు బుట్టల్లో జొన్నరొట్టెలు పెట్టుకుని కూర్చుంటారు. రొట్టె, పెరుగు, శేంగా చట్నీ అంటే మన పల్లీల పొడి, ఎణ్ణెగాయి అంటే గుత్తివంకాయ. పుండి పల్య అన్నారంటే వదలకండి, అది మన గోంగూరే! తినేలోపే ఇంకో రొట్టె వేసి ‘ఊట మాడ్రి’ అంటారు. ఆ చివరి ‘రి’ మన ‘అండి’ లాంటిదే. ఇక చాలనుకుంటే ‘సాకు’ అనాలి. ఒక్కసారి అంటే ఎవరూ వినిపించుకోరు. చిన్న నోట్లు దగ్గర ఉంచుకోండి, బుట్ట పెట్టుకున్న ప్రతి అవ్వ దగ్గరా క్యూఆర్ కోడ్ ఉంటుందని అనుకోవద్దు.

రెండో రోజు: మహాకూట, పట్టదకల్, ఐహోళె

రోజంతటికీ ఆటో మాట్లాడుకోండి. ఎక్కడెక్కడ ఆగాలో, ఎంతో ఎక్కే ముందే తేల్చుకోండి. బస్సులూ ఉన్నాయి గానీ తిరుగు బస్సు ఎన్నింటికో దిగినప్పుడే అడిగి పెట్టుకోవాలి.

దారిలో మహాకూటలో ఊటనీటి కోనేరు ఉంది. స్నానం చేయాలనుకుంటే ఇంకో జత బట్టలు పెట్టుకోండి. అక్కడి నుంచి పట్టదకల్. 1987 నుంచి ఇది యునెస్కో వారసత్వ స్థలం. కంచి మీద రెండో విక్రమాదిత్యుడి గెలుపుకు గుర్తుగా రాణి లోకమహాదేవి కట్టించిన విరూపాక్ష గుడి దగ్గర ఎక్కువసేపు ఉండండి. అదే ఆవరణలో గళగనాథ గుడి శిఖరాన్ని చూస్తే మనవాళ్లకు ఎక్కడో చూసినట్టు అనిపిస్తుంది. అవును, జోగులాంబ గద్వాల జిల్లా అలంపురం నవబ్రహ్మ గుళ్లవీ అలాంటి శిఖరాలే. అవీ బాదామి చాళుక్యుల కాలానివే. అలంపురం ఇంకా చూడకపోతే, తర్వాతి వీకెండ్ అక్కడికి పెట్టుకోండి.

ఐహోళెలో దుర్గ గుడి, కొండ మీద మేగుటి జైన ఆలయం చాలు. రెండో పులకేశి గురించి రవికీర్తి రాసిన 634 నాటి శాసనం మేగుటి గోడ మీదే ఉంది. గుళ్లన్నీ చూడాలనుకుంటే ఏదీ గుర్తుండదు.

ఇంట్లోవాళ్లకు ఏదైనా కొనాలంటే ఈ జిల్లావే అయిన ఇళకల్ చీర, గుళేదగుడ్డ ఖణం జాకెట్టు ముక్క అడగండి. ఖణం ముక్క బ్యాగులో జాగా కూడా తీసుకోదు. ఇంకో విషయం, కన్నడ బోర్డుల్ని చూసి భయపడకండి. తలకట్లు కొంచెం వేరుగా ఉంటాయి తప్ప, మనం కూడబలుక్కుని చదివేయొచ్చు. రెండో రోజు సాయంత్రానికి బస్సు బోర్డు మీరే చదివి ఎక్కేస్తారు.